సముద్రపు తెల్ల రొయ్య దిగుబడిని నిర్ణయించేది వలా, మొగా?

సంక్షిప్తంగా: తీరంలో వేటాడే తెల్ల రొయ్య పుట్టేది సముద్రంలో, పెరిగేది నదులు సముద్రంలో కలిసే మొగల్లో, గుడ్లు పెట్టేది మళ్లీ సముద్రంలో. దాని ఆయుష్షు మహా అయితే రెండేళ్లు. అందువల్ల ఏదైనా ఒక ఏడాది మొగ పూడిపోతే, లేదా నదిలో నీరు తగ్గితే, ఆ లోటు కొద్ది నెలల్లోనే వలలో కనబడుతుంది. దక్షిణాఫ్రికాలో ఇదే జాతి రొయ్యకు ఎదురైన అనుభవం దీనికి బలమైన ఆధారం. తూర్పు తీరంలో ఏటా అమలయ్యే 61 రోజుల వేట నిషేధం రొయ్య ఎదగడానికి గడువిస్తుంది గాని మొగల సమస్యను తీర్చలేదు.

రెండు తెల్ల రొయ్యలు

అమెరికా 2025 ఆగస్టులో భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల మాట వార్తల్లోకి గట్టిగా వచ్చింది. ఆ వార్తల్లో ఉన్నది దాదాపు అంతా చెరువు రొయ్య. 2024-25లో దేశం నుంచి 7.41 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్య ఎగుమతి కాగా, దాని విలువ రూ.43,334 కోట్లు, అందులో సింహభాగం వనామీది. వనామీ పసిఫిక్ మహాసముద్రం వైపు అమెరికా తీరాలకు చెందిన జాతి. మన దేశంలో దాని పెంపకానికి అనుమతి వచ్చింది 2009లో.

బంగాళాఖాతంలో వలకు పడే తెల్ల రొయ్య ఇది కాదు. శాస్త్రవేత్తలు పీనియస్ ఇండికస్ అని పిలిచే ఈ జాతి తూర్పు ఆఫ్రికా నుంచి ఎర్ర సముద్రం, అరేబియా తీరాలు, భారతదేశం, ఇండోనేషియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా వరకు విస్తరించి ఉంది. ఆడ రొయ్య గరిష్ఠంగా సుమారు 23 సెంటీమీటర్లు, మగ రొయ్య సుమారు 18 సెంటీమీటర్లు పెరుగుతాయి. బురద, ఇసుక కలిసిన అడుగు నేల దీనికి అనుకూలం. 90 మీటర్ల లోతు వరకు దొరికినా, ఎక్కువగా ఉండేది తీరానికి దగ్గరి తక్కువ లోతు నీటిలోనే. ఈ రెండు జాతులనూ ఒకటిగా భావించడం వల్ల చర్చ పక్కదారి పడుతోంది. చెరువు రొయ్యకు మేత, విద్యుత్, వ్యాధులు, సుంకాలు సమస్యలు. సముద్రపు తెల్ల రొయ్య సమస్యలు పూర్తిగా వేరు. అవి దాని జీవితచక్రంలోనే ఉన్నాయి.

గుడ్డు నుంచి మొగ దాకా

తెల్ల రొయ్యలో జత కట్టడానికి సమయం చాలా తక్కువ. ఆడ రొయ్య పాత డొల్ల వదిలి, కొత్తది ఇంకా గట్టిపడని స్థితిలో ఉన్నప్పుడే మగ రొయ్య తన వీర్యపు సంచిని ఆడ రొయ్య పొట్ట కింద, నడక కాళ్ల మధ్య ఉండే చిన్న అరలో అమర్చగలదు. డొల్ల గట్టిపడితే ఆ అర మూసుకుంటుంది. గుడ్లు పెట్టేవరకు వీర్యం అందులోనే భద్రంగా ఉంటుంది. గుడ్లు పెట్టకముందే మళ్లీ డొల్ల వదిలితే, ఆ డొల్లతో పాటే వీర్యమూ పోతుంది. వనామీలో ఇలాంటి మూసిన అర ఉండదు. గట్టి డొల్ల ఉన్న దశలోనే, గుడ్లు పెట్టడానికి కొద్ది గంటల ముందు అది జత కడుతుంది. హేచరీల్లో వనామీని లొంగదీసుకోవడం సులువైనదానికీ, తెల్ల రొయ్య, టైగర్ రొయ్య విషయంలో చాలాకాలం సముద్రం నుంచి తెచ్చిన తల్లి రొయ్యల మీదే ఆధారపడవలసి రావడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఆడ రొయ్య సుమారు 13-14 సెంటీమీటర్ల పొడవుకు వచ్చాక గుడ్లకు సిద్ధమవుతుంది. రాత్రివేళ తీరానికి కొంత దూరంలోని నీటిలో గుడ్లు వదులుతుంది. పెద్ద రొయ్య అయితే ఒక్క విడతలోనే లక్షల్లో వదులుతుంది. వదిలే క్షణంలోనే అరలోని వీర్యం బయటికి వచ్చి గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. తల్లి వాటిని మోయదు, కాపలా కాయదు. మంచినీటి నీలకంఠ రొయ్య గుడ్లను పొట్ట కింద అంటించుకుని పొదిగేవరకు మోస్తుంది. తెల్ల రొయ్యకు అలాంటి అలవాటు లేదు. అందుకే అది సంఖ్య మీద ఆధారపడుతుంది.

గుడ్డు ఒక రోజు తిరగకుండానే పొదుగుతుంది. మొదటి ఆరు దశల్లో లార్వా తనలోని సొనతోనే బతుకుతుంది. తర్వాతి మూడు దశల్లో నీటిలో తేలే సూక్ష్మ శైవలాలను తింటుంది. ఆపై మూడు దశల్లో తల కిందికి వేలాడేస్తూ ఈదుతుంది. సుమారు పది, పన్నెండు రోజులకు రొయ్య రూపం వస్తుంది. అప్పటికి దాని పొడవు సెంటీమీటరు కూడా ఉండదు. ఆ శరీరంతోనే అది మొగను వెతుక్కుంటూ వెళ్లాలి.

మొగ దాటే పద్ధతిలోనే ఈ జాతి నేర్పు బయటపడుతుంది. అంత చిన్న ప్రాణి నది ప్రవాహానికి ఎదురీదలేదు. అందుకే పోటు వచ్చినప్పుడు, ముఖ్యంగా రాత్రిపూట, అడుగు నుంచి పైకి లేచి లోపలికి వచ్చే నీటితో కలిసి కదులుతుంది. ఆటు మొదలవగానే అడుగుకు దిగి, ప్రవాహం మందంగా ఉండే నేలను ఆనుకుని ఉంటుంది. మళ్లీ పోటు, మళ్లీ కొంత దూరం. ఇలా కొన్ని రాత్రుల్లో మొగ లోపలి కాలువల్లోకి చేరుకుంటుంది. ఇదంతా జరగాలంటే మొగ తెరిచి ఉండాలి, పోటు నీరు లోపలికి రావాలి. ఈ రెండూ లేనిచోట సముద్రంలో ఎన్ని లక్షల గుడ్లు పొదిగినా ప్రయోజనం ఉండదు.

మొగ లోపల గడిచే నెలలు

లోపలికి చేరిన పిల్ల రొయ్య రెండు నుంచి నాలుగు నెలల పాటు ఉప్పుటేర్లలో, మడ అడవుల కాలువల్లో, సరస్సుల్లో పెరుగుతుంది. కాకినాడ వద్ద కోరంగి మడ అడవిలోని గాడేరు, కోరంగి పాయలు ఇలాంటి చోట్లే. మడ ఆకులు రాలి కుళ్లి బురదలో కలుస్తాయి. ఆ కుళ్లును పట్టుకుని బతికే సూక్ష్మజీవులు, పురుగులు పిల్ల రొయ్యకు ఆహారం. మెత్తని బురదలో పగలంతా దాక్కుంటుంది. పెద్ద చేపలు రాలేని లోతులేని నీరు దానికి రక్షణ. ఉప్పదనం మారినా తట్టుకునే శక్తి ఈ వయసులో ఎక్కువ.

పది సెంటీమీటర్ల పొడవు దాటే వేళకు అవసరాలు మారతాయి. రొయ్య ఆటు నీటితో సముద్రం వైపు మళ్లుతుంది. వర్షాకాలంలో వరద నీరు వచ్చి ఉప్పదనం ఒక్కసారిగా పడిపోయినప్పుడు ఈ వలస ముమ్మరమవుతుంది. నదులు పొంగిన తర్వాతి వారాల్లో తీరం వెంబడి వేట బాగుంటుందని మత్స్యకారులు చెప్పే మాటకు శాస్త్రీయ ఆధారం ఇదే. వరద నీరు రొయ్యను బయటికి నెట్టడంతో ఆగదు. అది తెచ్చే పోషకాలతో తీరపు నీరు సారవంతమవుతుంది, మొగలో పేరుకున్న ఇసుక కొట్టుకుపోయి దారి వెడల్పవుతుంది.

ఆటు సమయంలో కాలువకు అడ్డంగా గుంజలకు కట్టే సంచి వలలు పట్టేది సరిగ్గా ఇలా బయటికి వెళ్లే రొయ్యనే. కేరళలో పొక్కాలి వరి కోతల తర్వాత ఉప్పునీటిని పొలాల్లోకి వదిలి, పోటుతో వచ్చిన పిల్ల రొయ్యలను పెంచి, ఆటు సమయంలో తూము దగ్గర వల కట్టి పట్టే సంప్రదాయం కూడా ఈ రాకపోకల మీదే నిలబడింది. అక్కడా ప్రధాన పంట తెల్ల రొయ్యే. ఈ పద్ధతులు పాతవి, చిన్న కుటుంబాలను పోషించేవి. వాటిని తప్పుబట్టడం తేలిక గాని న్యాయం కాదు. అయితే ఇక్కడ పట్టుబడే రొయ్య ఒక్కసారి కూడా గుడ్లు పెట్టనిదే అన్న వాస్తవాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవాలి.

సెయింట్ లూసియా చెప్పిన రుజువు

మొగకూ వేటకూ ఉన్న ఈ సంబంధాన్ని ప్రయోగశాలలో నిరూపించడం సాధ్యం కాదు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ తీరంలో అది అనుకోకుండా రుజువైంది. అక్కడి సెయింట్ లూసియా సరస్సు సుమారు 350 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గలది. దాని మొగ నుంచి బయటికి వచ్చే తెల్ల రొయ్యే దక్షిణాన తుకేలా గట్టు అనే సముద్రపు మెరక వద్ద ట్రాలర్ల (అడుగును ఈడ్చే వలల పడవల) వేటకు ప్రధాన ఆధారం. జాతి ఇక్కడిదే, పీనియస్ ఇండికస్.

ఆ సరస్సుకు మంచినీరు అందించే ప్రధాన నది ఎంఫొలోజి. చెరకు సాగు పెరిగి నదిలో ఒండ్రు ఎక్కువైందన్న ఆందోళనతో, 1952లో ఆ నదిని సరస్సు మొగ నుంచి వేరుచేసి నేరుగా సముద్రంలోకి మళ్లించారు. అప్పటి నుంచి మొగ తెరిచి ఉంచడానికి ఇసుక తవ్వడమే దారి అయింది. 2002లో కరవు తోడై మొగ మూసుకుపోయింది. 2007లో ఒక తుఫాను అలల తాకిడికి కొన్ని నెలలు తెరుచుకుని మళ్లీ మూసుకుంది. ఆ ఏళ్లలో తుకేలా గట్టు మీద రొయ్యల వేట కుప్పకూలింది. చివరకు నదిని తిరిగి కలిపే పనులు చేపట్టారు, 2021 జనవరిలో యంత్రాలతో మొగను తెరిచారు.

కరవు కూడా ఒక కారణమే కాబట్టి మొత్తం పతనాన్ని మూసుకున్న మొగ ఖాతాలో వేయలేం. అయినా ఈ ఉదంతంలో గమనించవలసిన వరుస ఒకటుంది. సముద్రంలో వేట ఒత్తిడి ఉన్నట్టుండి పెరగలేదు. పిల్ల రొయ్యలు లోపలికి వెళ్లే దారి మూసుకుంది, ఆ వెనుకే వేట పడిపోయింది. నాలుగైదేళ్లు బతికే చేప అయితే పాత తరాలు కొంతకాలం ఆదుకునేవి. రొయ్యకు ఆ నిల్వ లేదు.

పొరుగున ఉన్న మొజాంబిక్‌లో ఇదే విషయం మరో కోణంలో కనిపిస్తుంది. సోఫాలా గట్టు వద్ద తెల్ల రొయ్య దిగుబడికీ జాంబెజి నది వర్షాకాలపు ప్రవాహానికీ సంబంధం ఉందని పరిశోధకులు గుర్తించారు. ఎగువన కరీబా, 1974లో పూర్తయిన కహోరా బాసా ఆనకట్టలు వరదను తగ్గించి, ఎండాకాలపు ప్రవాహాన్ని పెంచాయి. ఏడాది మొత్తంలో సముద్రాన్ని చేరే నీరు ఎంత అన్నదానికన్నా ఏ నెలలో చేరుతోంది అన్నదే రొయ్యకు ముఖ్యమని దీని నుంచి అర్థమవుతుంది.

పులికాట్, గోదావరి తీరాల పరిస్థితి

ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సు దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. శ్రీహరికోట ద్వీపం దాన్ని సముద్రం నుంచి వేరుచేస్తుంది. రొయ్యల్లో తెల్ల రొయ్య ఇక్కడ ముఖ్యమైనది. తమిళనాడు వైపు ఊళ్లలో రొయ్యలు దొరికే చోట్లను మత్స్యకార కుటుంబాలు వంతులవారీగా పంచుకునే 'పడు' పద్ధతి తరతరాలుగా ఉంది. ఒకే చోట అందరూ వలలు దింపకుండా అదే కట్టడి చేస్తుంది.

ఆంధ్ర వైపు రాయదొరువు వద్ద ఉన్న మొగ ఇసుకతో పూడిపోవడం ఏళ్ల తరబడి సమస్యగా ఉంది. తీరం వెంబడి అలలు ఇసుకను తోసుకుంటూ వస్తాయి. లోపలి నుంచి తగినంత నీరు బలంగా బయటికి పారినప్పుడే ఆ ఇసుక కొట్టుకుపోతుంది. కాళంగి, ఆరణి వంటి చిన్న నదుల్లో నీరు వచ్చేది ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే. ఆ వానలు తగ్గిన ఏడాది మొగ పూడుతుంది, ఎండాకాలంలో ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది, మిగిలిన నీరు సముద్రం కన్నా ఉప్పగా మారుతుంది. సరస్సులో వేట మీద బతికే కుటుంబాలు పూడిక తీయాలని పట్టుబట్టడం వెనుక ఉన్నది ఈ జీవశాస్త్రమే. తవ్వితే దారి తెరుచుకుంటుంది, అందులో సందేహం లేదు. కానీ లోపలి నుంచి ప్రవాహం లేకపోతే తవ్విన చోటికి ఇసుక తిరిగి వస్తుంది కనుక, పూడికతీతను ఒక్కసారి చేసి ముగించే పనిగా కాక ఏటా చేసే నిర్వహణగా చూడాలి. సెయింట్ లూసియాలో దశాబ్దాల తవ్వకం తర్వాత నదినే మళ్లీ కలపవలసి వచ్చింది.

గోదావరి పరిస్థితి భిన్నం. నీరు ఎక్కువ, మొగలు పెద్దవి. జులై నుంచి అక్టోబరు వరకు వరద ధవళేశ్వరం దాటి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల గుండా సముద్రాన్ని చేరుతుంది. వేసవిలో బ్యారేజీ దిగువకు వచ్చే నీరు చాలా తక్కువ. అప్పుడు పాయల్లోకి సముద్రపు నీరు చాలా దూరం చొచ్చుకొస్తుంది. ఇక్కడ ప్రమాదం మొగ పూర్తిగా మూసుకోవడం కన్నా, ఎగువ నీటి నిల్వల వల్ల వరద వచ్చే తీరు మారడంలోనూ, మడ అడవుల అంచున ఉన్న లోతులేని పర్రలు (బురద బయళ్లు) చెరువులుగా, కట్టడాలుగా మారడంలోనూ ఉంది. ఇలాంటి మార్పు ఏ ఒక్క ఏడాదిలోనూ వార్త కాదు. కోరంగి అభయారణ్యం 1978 నుంచి ఉండటం కాకినాడ అఖాతానికి కలిసొచ్చిన విషయం.

61 రోజుల నిషేధం ఏం చేయగలదు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలు, ఇంజిన్ పడవలు వేటకు వెళ్లకూడదు. 2015కు ముందు ఈ వ్యవధి తక్కువగా ఉండేది. ఇంజిన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. నిషేధ కాలంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో రూ.20 వేలకు పెంచారు. నిషేధం 'చేపలు గుడ్లు పెట్టే కాలం' కోసమని సాధారణంగా చెబుతారు. అనేక చేపల విషయంలో అది సరైనదే కావచ్చు. తెల్ల రొయ్య మాత్రం ఏడాది పొడవునా ఎంతో కొంత గుడ్లు పెడుతూనే ఉంటుంది, కొన్ని నెలల్లో ఎక్కువగా. పైగా లక్షల్లో గుడ్లు పెట్టే జాతికి తల్లుల కొరతకన్నా పిల్లలకు చోటు కొరతే ముందు ఎదురవుతుంది.

అయినా నిషేధం వల్ల తెల్ల రొయ్యకు మేలుంది. అది ఎదుగుదల రూపంలో వస్తుంది. రొయ్య పొడవు పెరిగితే బరువు ఆ పొడవుకు సుమారు ఘనం చొప్పున పెరుగుతుంది. 12 సెంటీమీటర్ల రొయ్య 14 సెంటీమీటర్లకు ఎదిగితే బరువు దాదాపు 60 శాతం పెరిగినట్టు. కిలోకు 80 తూగే రొయ్య ఇదే లెక్కన కిలోకు 50 తూగే స్థాయికి వస్తుంది. రేవులో ధర కౌంట్‌ను, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్కను బట్టి పలుకుతుంది కాబట్టి లాభం రెండు విధాలుగా ఉంటుంది: సరుకు బరువు పెరుగుతుంది, కిలో ధరా పెరుగుతుంది. ఈ రెండు నెలల్లో కొన్ని రొయ్యలు పెద్ద చేపల పాలవుతాయి గనుక లాభం అంతా చేతికి రాదు. జూన్ మధ్యలో అన్ని పడవలూ ఒకేసారి బయలుదేరడంతో మొదటి వారాల్లో కనిపించే భారీ దిగుబడి కూడా కొంత భ్రమ కలిగిస్తుంది. అది రెండు నెలలు పేరుకున్న నిల్వ. రొయ్యల సంఖ్య శాశ్వతంగా పెరిగిందనడానికి గుర్తు కాదు.

ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు నీరు సంప్రదాయ పడవలకు కేటాయించినది. తెల్ల రొయ్య ఎక్కువగా ఉండేది ఆ పరిధిలోనూ, దాని అంచునా. కాబట్టి మరపడవలు లోపలికి రావడం వల్ల తలెత్తే గొడవలకు మూలం కూడా ఈ రొయ్య నివాసమే. సంప్రదాయ మత్స్యకారులు వాడే మూడు పొరల వలలో ఒక పరిమాణానికి మించిన రొయ్యే చిక్కుతుంది. ట్రాల్ వల అడుగును ఈడ్చుకుపోతూ దారిలో ఉన్నదంతా తెస్తుంది. పడవ మీద సంచి ముడి విప్పగానే పడే కుప్పలో రొయ్యతో పాటు పీతలు, వేలెడు చేపలు, నత్తలు, సముద్రపు పాములు ఉంటాయి. చేతితో ఏరి రొయ్యను ఐస్‌లో వేశాక మిగిలిన చెత్త చేపలో చాలా భాగం మేత, ఎరువు తయారీకి పోతుంది, లేదా తిరిగి నీటిలో పడుతుంది. అందులో విలువైన చేపల పిల్లలూ ఉంటాయి.

తాబేలు, అమెరికా ఆంక్ష

2019 నుంచి అమెరికా భారత సముద్ర రొయ్యను కొనడం లేదు. చెరువు రొయ్యకు ఈ ఆంక్ష వర్తించదు. దీనికి ఆధారం 1989 నాటి అమెరికా చట్టం: ట్రాల్ వలల్లో తాబేలు బయటపడే పరికరం అమర్చని దేశాల నుంచి వేటాడిన రొయ్యను దిగుమతి చేసుకోకూడదు. ఈ నిబంధన మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998 అక్టోబరులో వెలువడిన అప్పీలు తీర్పు తాబేళ్ల రక్షణ అనే లక్ష్యాన్ని సమర్థించింది, అమెరికా దాన్ని దేశాల మధ్య వివక్షతో అమలు చేసిన తీరును తప్పుబట్టింది. తర్వాత అమెరికా పద్ధతి మార్చుకుంది, చట్టం నిలిచింది.

పరికరం నిర్మాణం తేలికైనదే. వల గొంతులో ఏటవాలుగా ఇనుప ఊచల చట్రం ఉంటుంది. ఊచల మధ్య సుమారు 10 సెంటీమీటర్ల సందు. రొయ్య సందులోంచి సంచిలోకి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న తలుపు గుండా బయటికి జారుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు దీన్ని రూపొందించింది. పెద్ద చేపలు, కొంత రొయ్య కూడా ఆ తలుపు గుండా పోతాయన్నది మత్స్యకారుల అభ్యంతరం. చెత్త చట్రానికి అడ్డుపడినప్పుడు నష్టం ఎక్కువవుతుంది. ఆ అభ్యంతరం నిజమైనదే. అయితే ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరానికి దగ్గరగా గుమిగూడేది ప్రధానంగా శీతాకాలం నుంచి వేసవి మొదలు వరకు. ఏప్రిల్ 15న నిషేధం మొదలయ్యేసరికి ఆ కాలం చాలావరకు గడిచిపోతుంది. అందువల్ల వేట నిషేధాన్ని తాబేళ్లకు రక్షణగా చూపడం కుదరదు. ఆ నెలల్లో వలలోనే దారి ఉండాలి.

చెరువులోకి తెల్ల రొయ్య

ఈ జాతి భవిష్యత్తు ఇకపై సముద్రానికే పరిమితం కాకపోవచ్చు. వనామీ మీద పూర్తిగా ఆధారపడటం తగ్గించేందుకు, తెల్ల రొయ్యను ఎంపిక చేసిన తరాలుగా అభివృద్ధి చేసే జాతీయ కార్యక్రమాన్ని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ ప్రారంభించింది. రూ.25 కోట్లతో జన్యు మెరుగుదల కేంద్రాన్ని అందుకు తలపెట్టారు. వేగంగా ఎదిగే, వ్యాధులు లేని విత్తనం అందితే రైతుకు స్వదేశీ ప్రత్యామ్నాయం దొరుకుతుంది.

ఎంపిక ఎంత కచ్చితంగా చేసినా దానికి ముడిసరుకు సహజ వైవిధ్యమే. వేర్వేరు తీరాల నుంచి తెచ్చిన తల్లి రొయ్యల సంతానంలోనే మెరుగైన లక్షణాలను వెతుకుతారు. తరాలు గడిచేకొద్దీ దగ్గరి రక్తసంబంధం పెరిగి ఎదుగుదల మందగించకుండా కొత్త తల్లులను మధ్యమధ్యలో చేర్చవలసి ఉంటుంది. టైగర్ రొయ్యల సాగు తొలి రోజుల్లో విత్తనం కోసం మొగల దగ్గర దోమతెరల వంటి వలలతో పిల్లలను ఏరి, కావలసిన జాతిని ఉంచుకుని మిగిలిన పిల్లలన్నిటినీ గట్టున పారేసేవారు. హేచరీలు ఆ ఒత్తిడిని చాలావరకు తగ్గించాయి. చెరువుల్లో తెల్ల రొయ్య స్థిరపడినా దాని కొత్త తల్లుల కోసం మళ్లీ చూడవలసింది కోరంగి పాయల నుంచి, పులికాట్ నుంచి బయటికి వచ్చి సముద్రంలో ఎదిగిన రొయ్యల వైపే.